ఏడవ పార్టీ స్థానం

ఫిబ్రవరి 2, 2004. సోమవారం. తూంకుంట.

ఈ సంగతి ఇప్పుడే రాసుకోవడానికి కారణం ఒక్కటే. ఈ నెల ఇరవై ఏడున మా నివేదిక అచ్చుకు వెళుతుంది. అందులో అరవై మూడవ పేజీ అడుగున నేను రాసిన మూడు పంక్తుల గమనిక ఉంది. ఆ పంక్తులలో అసత్యం లేదు. అయినా మొన్న శుక్రవారం దాని కింద సంతకం చేసినప్పటి నుంచి నాతో కలిసి పనిచేసే భవిత ముఖం వైపు నేరుగా చూడలేకపోతున్నాను. శనివారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది, కాగితాలు సర్దింది, టీ కప్పులు కడిగి బోర్లించి వెళ్లింది. ఆమెకు గమనిక సంగతి తెలియదు.

క్రమంగా రాస్తే నాకే తేటపడవచ్చు.

పదకొండు పార్టీల ఎన్నికల ప్రణాళికలు మా ముందున్నాయి. అన్నీ గడిచిన ఎన్నికలవి. ఒక గీత మీద ప్రతి పార్టీకి స్థానం నిర్ణయించాలి. ఎడమ కొసన సున్నా: సంపదను పంచాలి, ప్రభుత్వం కలగజేసుకోవాలి అనే భావాలు. కుడి కొసన పది: ఆస్తి, విపణి, వాటికి రక్షణ అనే భావాలు. మన దేశంలో కులమూ ప్రాంతమూ మతమూ ఆ గీత మీద నిలబడవని నాకు తెలుసు. డిగ్రీ కళాశాలలో ఇరవై ఆరేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినదాన్ని. పనిముట్టు పరిమితి ఎరిగి వాడితే ఉపయోగమే. ఇద్దరు మనుషులు విడివిడిగా ప్రతి వాక్యాన్నీ చదివి ఎడమ, కుడి, రెండూ కానిది అని గుర్తు వేస్తారు. దీనినే మేము కోడింగ్ అంటాం. ఆ తరువాత ఇద్దరి గుర్తులనూ పోల్చిచూస్తాం. మొదటి కోడర్ నేను, రెండవ కోడర్ భవిత.

అభిమానాలు అడ్డురాకుండా, పార్టీ పేరూ నాయకుల పేర్లూ ఉన్న ప్రతి చోటా, మాకు ఈ పని అప్పగించిన పరిశోధన సంస్థవారు తెల్లకాగితం అతికించి పంపారు. కనుక ఏ ప్రణాళిక ఎవరిదో మాకు తెలియదు. అంకెలే తెలుసు.

పది పార్టీల విషయంలో మా ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. ఏడవ పార్టీకి నా లెక్క 3.8, భవిత లెక్క 5.6. నా గీత మీద ఆ పార్టీ ఎడమ పక్షం, ఆమె గీత మీద కుడి పక్షం.

ఫిబ్రవరి 4.

తేడా అంతా ఒక్క హామీ దగ్గరే. డెబ్బై ఎనిమిది వాక్యాలలో పద్నాలుగు దానిని గురించినవే. మూలవాక్యం ఇది: "పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములపై వారికి అమ్ముకునే హక్కుతో సహా సంపూర్ణ హక్కులు కల్పిస్తాం, ఇప్పటికే చేతులు మారిన స్థలాలను క్రమబద్ధం చేస్తాం."

నేను ఎడమ అని వేశాను. భవిత కుడి అని వేసింది. జనవరి ఇరవై నాలుగున మా భోజనాల బల్ల దగ్గర జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మేడం, గిది ఎడమ దిక్కు ఎట్లయితది?"

"హక్కు పొందేది పేదలే కదమ్మా."

"అమ్ముకునే హక్కు ఎవరికి పనికొస్తది మేడం? కొనేటోనికి. అమ్మరాదు అని రాసుంటేనే పేదోని తాన భూమి నిలుస్తది. ఆ మాట తీసేసిన దినమే బ్రోకర్ వాకిట్ల కూసుంటడు."

"అది పర్యవసానం. మనం వాక్యాన్ని మాత్రమే చూడాలి."

"వాక్యమే చూస్తున్న. వాక్యంల రెండు ముక్కలున్నయి. మీరు ఒక్కటే చూస్తున్నరు."

నేను నవ్వి, విభేదాలకు వేరే పత్రం ఉన్నది, నీ కారణాలు అందులో రాయి, నావి నేను రాస్తాను అన్నాను. నా స్వరం శాంతంగానే ఉంది. నా స్వరం ఎప్పుడూ శాంతంగానే ఉంటుంది.

ఆమె తన కారణాలను రెండు పుటలు రాసింది. నేను మూడు పంక్తులు రాశాను: "రెండవ కోడర్ కుటుంబం ఇటువంటి భూమిని పొంది, పోగొట్టుకున్నది. ఏడవ పార్టీ విషయంలో ఆమె గుర్తులపై ఈ స్వీయానుభవ ప్రభావం కనిపిస్తున్నది. కావున మొదటి కోడర్ అంకెను అంతిమంగా స్వీకరించడమైనది."

ఆ భూమి సంగతి ఆమె నాతో డిసెంబరులో చెప్పింది. మేడం అడిగారు కనుక చెప్పింది. నేను అడిగినది ఆప్యాయతతోనే. అప్పుడు ఆప్యాయతతోనే.

ఫిబ్రవరి 5.

గమనిక మళ్లీ చదివాను. వాక్యనిర్మాణం బాగుంది.

ఫిబ్రవరి 8. ఆదివారం.

సాయంత్రం కృష్ణారావు గారి వరండాలో కాలనీ సంఘం సమావేశం. మంచినీటి ట్యాంకరు, వీధిదీపాలు, ఆ తరువాత అసలు విషయం. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్న మనిషి. కాగితం చేతిలో లేకుండానే నిలబడి చెప్పారు:

"పోయినసారి ప్రణాళికలో స్పష్టంగా వేశారండీ. ఇప్పటికే చేతులు మారిన స్థలాలను క్రమబద్ధం చేస్తాం, అని. ఈసారీ వేస్తారట. నాకు కంఠతా వచ్చేసింది."

"చదువుకునే రోజుల్లో ఇంత కంఠతా పట్టి ఉంటే ఈపాటికి కలెక్టరై ఉందురు" అన్నారు లోపలి నుంచి ఆయన భార్య. అందరూ నవ్వారు.

"అయితే ఆ కలెక్టరే మన స్థలాలు లాక్కునేవాడు" అని ఆయన నా వైపు తిరిగారు. "మేడమ్ గారూ, మీరు పార్టీలకు మార్కులు వేస్తున్నారటగా. మన పార్టీకి ఎన్ని వేశారేంటి?"

"మార్కులు కావండీ. స్థానాలు."

"ఏవైతేనేం. ముందు వరసలో కూర్చోబెట్టండి."

నేనూ నవ్వాను. మా వారు రాజారావు గారు నా పక్కనే కూర్చుని నేల చూస్తున్నారు.

ఏ ప్రణాళిక ఎవరిదో మాకు తెలియదని ఆరు రోజుల క్రితం ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. పది పార్టీల విషయంలో అది నిజం. ఏడవ పార్టీ విషయంలో కాదు. ఆ వాక్యం మా కాలనీలో నాలుగేళ్లుగా కూరగాయల బండి దగ్గర కూడా వినిపిస్తున్నది. తెల్లకాగితం కింద పేరు నాకు మొదటి క్షణంలోనే కనిపించింది. కనిపించినట్లు సంస్థకు తెలియజేయాలన్నది నియమం. తెలియజేయలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. మా ఇంటి స్థలంలో ముందు భాగం పట్టా భూమి. వెనుక భాగం ప్రభుత్వం ఎప్పుడో భూమి లేనివారికి పంచిన భూమి. చట్టప్రకారం దానిని ఎవరూ అమ్మరాదు, ఎవరూ కొనరాదు. మా వంటగదీ, పెరటి గోడా ఆ భాగంలో ఉన్నాయి. దానికి మా దగ్గర ఉన్నది నోటరీ కాగితం మాత్రమే. కొన్న మరుసటి సంవత్సరమే, 1998లోనే, మా వారు నాకు ఈ సంగతి చెప్పారు. ఆ హామీ చట్టమైతే మా వంటగది మాదవుతుంది.

ఆరేళ్లుగా ఆ వంటగదిలోనే వండుకుంటూ ఈ మాటను ఒక్కసారి కూడా వాక్యంగా రాయలేదు. ఇప్పుడు రాసి చూస్తే చిన్న వాక్యమే.

ఫిబ్రవరి 11.

సంస్థ నుంచి ఉత్తరం. రెండవ దశ పరిశోధనకు తీసుకున్నవారి జాబితా ఉంది. రెండేళ్ల ఉపకారవేతనం, దానితోపాటే పిహెచ్‌.డి. నమోదు. ఒక్కటే స్థానం, అది లక్ష్మణ్ అనే అబ్బాయికి. భవిత దరఖాస్తు చేసినది దీనికే. ఆమె పేరు లేదు.

మధ్యాహ్నం ప్రాజెక్టు అధిపతి వీరభద్రం గారు ఫోన్ చేశారు. "మీ గమనిక చూసే నిర్ణయించామమ్మా. తెలివైన పిల్లే. కాని తన బతుకును పక్కన పెట్టి చదవలేని మనిషి ఈ పనికి పనికిరాదు కదా. మీరు మొహమాటపడకుండా రాశారు. మీలాంటివారు అరుదు."

"నమస్కారమండీ" అన్నాను. అంతే అన్నాను.

ఫిబ్రవరి 14. శనివారం.

భవిత రాలేదు. రెండు కప్పులు తీసి, ఒకటి తిరిగి లోపల పెట్టాను.

ఫిబ్రవరి 15. ఆదివారం.

భవితవాళ్ల ఊరు అలియాబాద్ వెళ్లాను. కరీంనగర్ రోడ్డు మీద బస్సు, శామీర్‌పేట దాటి పది నిమిషాలు. ఎందుకు వెళ్లానో ఇంట్లో బయలుదేరేటప్పుడు స్పష్టంగా తెలుసు: చెప్పడానికి. రోడ్డు దిగి వారి ఇల్లు అడిగే సమయానికి ఓదార్చడానికి అని మారింది.

భవిత తండ్రి పర్వతాలు తాపీమేస్త్రీ. సిమెంటు పట్టిన గోళ్లతో రెండు చేతులూ జోడించి, ఉన్న ఒక్క కుర్చీనీ తువ్వాలుతో తుడిచి వేశారు. తల్లి దుర్గాబాయి చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"సల్ల తాగుండ్రి మేడం. ఎండల వడి వచ్చిండ్రు."

భవిత గుమ్మంలో నిలబడి ఉంది. నమస్కారం చేసింది. కూర్చోలేదు.

"మా బిడ్డను ఎందుకు తీసేసిండ్రు మేడం?" అని దుర్గాబాయి అడిగింది. నింద లేదు, నిజంగానే అడిగింది. "ఏమన్న తప్పు జేసిందా? కోపం జాస్తి దీనికి. ఎవలనన్న ఏమన్న అన్నదా?"

"లేదమ్మా. ఏ తప్పూ చేయలేదు."

"మరి మీరు జర చెప్పుండ్రి. పెద్దోళ్లు మీరు. మీ మాట వింటరంట గదా. మీ పేరు చెప్తే చాలంటది ఇది. మా మేడం గట్ల చెప్పింది, మా మేడం గిట్ల చెప్పింది అని ఇంట్ల ఒకటే పాట."

"అమ్మా, ఊకో" అంది భవిత.

పర్వతాలు నా మీది మర్యాదతో మాట మార్చారు. మా పని ఏమిటో అడిగారు. గీత గురించి నేను వీలైనంత తేలికగా చెప్పాను. పార్టీలలో కొన్ని ఎడమ వైపు, కొన్ని కుడి వైపు ఉంటాయని, ఏది ఎక్కడుందో చూస్తామని.

దుర్గాబాయి నవ్వింది. "మా తాన ఎడమోళ్లు కుడోళ్లు లేరు మేడం. ఓట్లప్పుడు వచ్చెటోళ్లు, ఓట్లయినంక పోయెటోళ్లు, గంతే."

"నువ్వు సప్పుడు జెయ్యకు" అని ఆయన భార్యను వారించి నాతో చెప్పడం మొదలుపెట్టారు. "మాకు ఎకరంనర ఉండె మేడం, లావుణి పట్టా. సర్కారు మా నాయినకిచ్చింది. తూంకుంట తాన. పట్టా మీదనే రాసుండె అమ్మరాదని. ఎవడన్న అడిగితె గా కాగితం సూపెడుతుంటిమి. ఇగ వాడు నోరు మూసుకొని పోవుడే. గదే మాకు గోడ. పోయిన ఓట్లప్పుడు ఒకడొచ్చిండు. హక్కు ఇస్తరంట, రేపోమాపో కానూను వస్తది, గప్పుడు సర్కారోళ్లు, పెద్దోళ్లు ఎగబడుతరు, ఇప్పుడే నోటరీ మీద ఇచ్చుకుంటె నయం అన్నడు. మస్తు పరేషాన్ జేసిండు. ఒకలు ఇచ్చిరి, ఇద్దరు ఇచ్చిరి. నేనూ ఇచ్చిన. కానూన్ ఇప్పటిదాంక రాలె. భూమి మాత్రం పాయె."

ఆ హామీ అమలు కాకముందే తన పని చేసిందన్నమాట. పర్యవసానం మన పని కాదని నేను అన్నాను. ఇది పర్యవసానం కాదు. ఆ మాట పలికినప్పుడే జరిగిన పని.

"మీరు యాడుంటరు మేడం?"

"తూంకుంటలోనే."

"తూంకుంటల ఏ కాలనీ? నేను అక్కడ శానా ఇండ్లు కట్టిన."

"రోడ్డుకు దగ్గరే" అన్నాను.

యాభై నాలుగేళ్ల వయసులో, నా ప్రశ్నలకు పిల్లలు సూటిగా జవాబు చెప్పకపోతే నిలబెట్టినదాన్ని, ఒక మేస్త్రీ ఇంట్లో ఆయన తుడిచివేసిన కుర్చీలో కూర్చుని "రోడ్డుకు దగ్గరే" అన్నాను.

బస్సు దగ్గరకు భవిత వచ్చింది. స్టాపు దగ్గర ఎవరూ లేరు. నేను గమనిక సంగతి చెప్పాను. ఎట్టకేలకు చెప్పాను. మూడు పంక్తులూ చెప్పాను.

"తెలుసు మేడం. ఆఫీసుకు పోయి అడిగిన. చూపెట్టిన్రు."

"ఎప్పుడు?"

"గురువారం." ఆమె రోడ్డు వైపే చూస్తున్నది. "మీ వెనక గోడ మా బాలమల్లు తాత పొలంల ఉంది. నాయినకు చిన్నాయన. మీ ఇంటికి మొదటిసారి వచ్చిన దినమే గుర్తుపట్టిన. చిన్నప్పుడు గాడ మేం మక్కకంకులు కాల్చుకొని తిన్నం. మీ వంటింట్ల కప్పులు కడిగేటప్పుడు కిటికీలకెల్లి కనబడే బండ ఉన్నది చూడుండ్రి, గదే."

అడగకూడని ప్రశ్న అడిగాను. "మరి నీ విభేదపత్రంలో ఆ మాట ఎందుకు రాయలేదు?"

"రాసిన. రాసి చింపిన. వాక్యం మీద రాయాలె గని మనిషి మీద రాయొద్దని మీరే నేర్పిన్రు గదా." అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. "చింపకపోతుంటి అనిపిస్తాంది ఇప్పుడు. మీరు గూడ చింపుతరనుకున్న. నాకు తెలిసిన మేడం అయితే చింపుతుండె."

బస్సు వచ్చింది. "ఎక్కుండ్రి. మళ్ల జల్దీ దొరకది" అంది.

ఫిబ్రవరి 17.

మా వృత్తిలో ఒక పరీక్ష ఉంది. కొంతకాలం తరువాత అదే ప్రణాళికను అదే మనిషి మళ్లీ చదివి, తన పాత గుర్తులతో పోల్చుకోవాలి. ఉదయం నుంచి ఏడవ పార్టీని మళ్లీ చదివాను.

సూచనల పుస్తకంలో మొదటి పాఠం: ఒక వాక్యంలో రెండు హామీలుంటే రెండుగా విడగొట్టి విడివిడిగా గుర్తు వేయాలి. భవితకు ఈ పాఠం నేర్పింది నేనే. "చీరలు, చెంబులు ఇస్తాం అంటే ఒకటి కాదమ్మా, రెండు" అని నవ్వించి మరీ నేర్పాను. పదకొండు ప్రణాళికలలో ఇటువంటి వాక్యాలను రెండు వందలకు పైగా విడగొట్టాను. విడగొట్టకుండా వదిలినవి ఐదు. ఐదూ ఏడవ పార్టీవే. ఐదింటిలోనూ మొదటి సగం పేదవారికి ఇచ్చే హక్కు, రెండవ సగం వారి భూమిని ఇప్పటికే తీసుకున్నవారికి ఇచ్చే రక్షణ. నేను మొదటి సగం చదివి, ఎడమ అని వేసి, ముందుకు సాగిపోయాను.

రెండవ సగం నేను. ఆ వాక్యంలో నేను ఉన్నాను. నన్ను నేను దాటవేసి చదివాను.

భవిత ఐదింటినీ విడగొట్టింది. "మీరు ఒక్కటే చూస్తున్నరు" అని ఆమె అన్నప్పుడు బతుకు అనుభవం మాట్లాడుతున్నదనుకున్నాను. మాట్లాడింది సూచనల పుస్తకం.

ఫిబ్రవరి 18.

వీరభద్రం గారికి ఫోన్ చేయాలి.

ఫిబ్రవరి 19.

చేయలేదు. ఆయన ఊళ్లో ఉండకపోవచ్చు.

ఫిబ్రవరి 20.

ఆయన ఊళ్లోనే ఉన్నారు. భోజనం దగ్గర మా వారితో చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు.

"ఏమని రాస్తావు?"

"నాకు ఆ హామీలో స్వప్రయోజనం ఉన్నదని. మా ఇంటి వెనుక భాగం ఇటువంటి భూమి అని."

"మన ఇల్లొక్కటేనా జానకీ? ఈ వరసలో నలభై ఇళ్లున్నాయి. అచ్చయిన నివేదికలో ఫలానా కాలనీ అని పడితే రేపు ఎమ్మార్వో వచ్చి గుర్తులు పెడతాడు. కృష్ణారావు గారు పింఛను డబ్బంతా ఇక్కడే పోశారు. వాళ్లేం పాపం చేశారు?"

"భవిత ఏం పాపం చేసింది?"

"ఆ పిల్ల చేసిందని నేననడం లేదు." ఆయన కంచం పక్కకు జరిపారు. "కొన్ననాడు నువ్వూ సంతోషించావు. ఇంత తక్కువకు ఎలా వచ్చిందని అడగలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం అడగలేదు."

ఆయన చెప్పింది నిజం. నలభై ఇళ్ల భయం కూడా నిజం. ఈ రెండు నిజాలనూ ఈ మధ్య నేను నా పిరికితనానికి కాపలా పెట్టుకున్నానన్నది మూడవది.

ఫిబ్రవరి 23. సోమవారం.

సంస్థకు వెళ్లాను. వీరభద్రం గారు పూర్తిగా విన్నారు. మంచి మనిషి, అందుకే మరింత కష్టమైంది.

"దీనికింత బాధ ఎందుకమ్మా? ఆ గమనికను తీసేద్దాం. అరవై మూడవ పేజీ ఒక్కటే మార్చాలి. మీ ఇంటి సంగతి నాకు మీరు చెప్పలేదు, నేను వినలేదు."

"భవిత స్థానం?"

"అది అయిపోయింది కదా. లక్ష్మణ్ చేరిపోయాడు."

ఒక్క నిమిషం, ఆ దారి నాకు ఎంతో నచ్చింది. గమనిక ఉండదు, ఇల్లు ఉండదు, ఎవరికీ హాని ఉండదు. పర్వతాలు నా ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు తాగిపోయినా ఏమీ తెలియదు. ఆ నిమిషం పాటు నేను తల ఊపాను కూడా. ఇది రాయడం అవసరం. తల ఊపాను.

తరువాత అన్నాను: "గమనిక తీసేస్తే ఆమె ఎందుకు పోయిందో కూడా ఎక్కడా ఉండదండీ. నిర్ణయం మాత్రం మిగులుతుంది. రెండు రోజులు ఇవ్వండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు రాసింది చూసి ఒక పిల్లను తీసేశాను. ఇప్పుడు మీరు రాసేది చూసి ఏం చేయమంటారు?"

"ఈసారి ఆమె రాసింది చదవమంటాను. రెండు పుటలు. మీరు చదివారా?"

చదవలేదు. నా మూడు పంక్తులు ఉన్నాయి కనుక చదవనవసరం లేకపోయింది.

ఫిబ్రవరి 25.

నాలుగుసార్లు రాసి చింపాను. మొదటి దానిలో క్షమాపణ ఎక్కువైంది, చదివితే నా మంచితనమే కనిపించింది. చివరికి మిగిలినది ఇది:

"మొదటి కోడర్ నివాసస్థలంలో కొంత భాగం, ఏడవ పార్టీ హామీ వల్ల లబ్ధి పొందే తరగతి భూమి. ఆ ప్రణాళిక ఏ పార్టీదో ఆమె గుర్తించినది, గుర్తించినట్లు తెలియజేయలేదు. నియమం ప్రకారం విడగొట్టవలసిన ఐదు వాక్యాలను ఆమె విడగొట్టలేదు. రెండవ కోడర్ విడగొట్టినది. రెండవ కోడర్ నిష్పాక్షికతపై మొదటి కోడర్ చేసిన వ్యాఖ్య నిరాధారం. ఏడవ పార్టీ స్థానాన్ని ఒక అంకెగా కాక, 3.8 నుంచి 5.6 వరకు పరిధిగా చదువుకోవాలి."

కాలనీ పేరు రాయలేదు. రాయకపోవడం నలభై ఇళ్ల కోసమా, నా కోసమా అని రెండుసార్లు ప్రశ్నించుకున్నాను. రెండుసార్లూ వేర్వేరు జవాబులు వచ్చాయి.

మా వారు చదివారు. పెన్ను అడిగి, "కొంత భాగం" దగ్గర ఆగి, మళ్లీ పెన్ను నాకిచ్చేశారు. ఏమీ మార్చలేదు.

ఫిబ్రవరి 26.

అలియాబాద్ వెళ్లి పర్వతాలు గారికి ఏ కాలనీయో చెప్పాను. ఇంటి గుర్తు కూడా చెప్పాను.

"బాలమల్లు చిన్నాయన బండ తాన" అన్నారు ఆయన. "గా పెరటి గోడ నేనే కట్టిన మేడం. మేస్త్రీ కూలి మీద. గప్పుడు మీరు ఇంక రాలె."

దుర్గాబాయి ఈసారి కూర్చోమనలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చింది. ఇచ్చి, చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

భవితకు కాగితం నకలు ఇచ్చాను. నిలబడే చదివింది. "నిరాధారం" అన్న మాట దగ్గర వేలు పెట్టింది.

"ఆధారం ఉండె మేడం. మా భూమి పోయింది నిజమే గదా. నా మీద ప్రభావం లేదని నేను చెప్పలేను. ఇద్దరి మీదా ఉన్నదని రాయుండ్రి. నాది ముందే చెప్పిన, మీది చెప్పలే. గంతే తేడా."

అక్కడే, ఆమె ఇచ్చిన పెన్నుతో, ఆ వాక్యాన్ని కొట్టివేసి ఆమె చెప్పినట్లు రాశాను. నా వాక్యం కంటే అది కచ్చితంగా ఉంది.

"మళ్లీ శనివారం వస్తావా?" అని అడగబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 27. శుక్రవారం.

నివేదిక అచ్చుకు వెళ్లింది. అరవై మూడవ పేజీలో పాత గమనిక లేదు, కొత్తది ఉంది. గీత మీద పది పార్టీలకు పది చుక్కలు, ఏడవదానికి ఒక చిన్న అడ్డుగీత. సంస్థ చిత్రకారుడు అది అచ్చుతప్పు అనుకుని సరిచేయబోయాడట. వీరభద్రం గారు ఆపారు. భవిత రాసిన రెండు పుటలు ఆయన నిన్న చదివారట. రెండవ దశకు ఇంకొక స్థానం కోసం సంస్థ ఎంపిక సంఘం ముందు పెడతానన్నారు. సంఘం ఎన్నికల తరువాత గాని కూర్చోదు. ఆ ప్రాజెక్టులో నేను ఇక లేను, మొదటి కోడర్‌నూ కాను. అది న్యాయమే.

ఏడవ పార్టీ ఎడమ పక్షమో కుడి పక్షమో నాకు తెలియదు. భవితకు ఆ స్థానం వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఆమె స్వీకరిస్తుందో లేదో తెలియదు. ఈ ఇల్లు నాది కాకపోయి ఉంటే ఆ ఐదు వాక్యాలను నేను విడగొట్టి ఉండేదాన్నో కాదో, దానిని నిర్ధారించే పరీక్ష ఏదీ నా దగ్గర లేదు.